బొగ్గు ఆరేలోగా ఒక చరణం

ఉంగుజా పట్నం,
రంజాన్‌కి ముందు నెల

పెంబా దీవిలో, వేటే ఊళ్ళో ఉన్న పాటలమ్మాయి రయాకి ఉంగుజా దీవి పట్నం నుంచి అరఫా సలాములు, దీవెనలు.

నువ్వు నన్నెరగవు, నేను నిన్నెరుగుదును. పోయిన ఏడు మా వీధి పెళ్ళిలో నువ్వు కట్టిన పాట పాడారు. అది విని ఒకావిడ భోజనం కూడా చెయ్యకుండా ఇంటికి వెళ్ళిపోయింది. రాయిస్తే ఈ పిల్ల చేతే రాయించాలని నేను ఆనాడే అనుకున్నాను.

సంగతేమిటంటే, రంజాన్ వెళ్ళగానే మా అమ్మాయి నస్రా పెళ్ళి. పెళ్ళికొడుకు మసూద్ రేవులో పనిచేస్తాడు, బంగారంలాంటి కుర్రాడు. వాడికున్న లోపం ఒక్కటే, వాళ్ళమ్మ. ఆవిడ పేరు జువేనా. నిశ్చితార్థం నాడు మా ఇంట్లో పిలావు తిని, ఆడవాళ్ళందరి మధ్యా చెయ్యి కడుక్కుంటూ, "అన్నం బాగుంది వదినా, మాంసాన్ని దూరం నుంచి చూసినట్టుంది" అంది. అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు బాకీ ఇంకా తీర్చుకోలేదు.

పెళ్ళిలో ఆడవాళ్ళ పాటల నాడు ఊరంతా చేరి కూర్చుంటుంది. అప్పుడు నేను లేచి ఆవిడ మొహం మీద పాడాలి. ఎనిమిది చరణాలు కావాలి, వారంలో పంపు. ఆ రోజు నేను నోరు మూసుకుని కూర్చున్నానంటే, నా కూతురు ఆ ఇంట్లో బతికినంతకాలం తలొంచుకుని వడ్డించాల్సిందే.

పోస్టాఫీసులో టెలిఫోను ఉంది గానీ అందులో అరిచి మాట్లాడాలి. నేను అరిస్తే జువేనాకి టెలిఫోను లేకుండానే వినపడుతుంది. అందుకే ఉత్తరం. పడవలో ఒక హల్వా డబ్బా పంపుతున్నాను.

నీ మేలు కోరే,
అరఫా

తా.క. పాటలో పిలావు మాట రావాలి. మాంసం ఎక్కువే వేశానన్న మాట కూడా రావాలి.


వేటే, పెంబా

పెద్దలు బీ అరఫా గారికి రయా వినయంగా రాసేది.

హల్వా అందింది. పాట రాస్తాను. రాయగలను, అందులో మీకేం అనుమానం వద్దు. ఎలా రాస్తానో మాత్రం ముందే చెబుతాను, తర్వాత తగువు ఉండదు.

నేను పట్నంలో టీచరు చదువు చదువుతుండగా జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ, పోతూ పోతూ నా సత్తువ వెంట పట్టుకుపోయింది. ఇప్పటికి మూడేళ్ళు. రక్తపరీక్షలన్నీ బాగున్నాయన్నారు. అన్నీ బాగుంటే నేనెందుకు బాగాలేనని అడుగుతూ అడుగుతూ వెళితే, ఆఖరికి ఒక డాక్టరమ్మ దీని పేరు చెప్పింది. దీర్ఘకాలపు అలసట జబ్బట. నిద్రతో తీరదు, మందుతో పోదు, ఉన్న ఓపికను ఒద్దికగా వాడుకోవడమే దారి అంది.

మా వీధి కుళాయికీ నా ఒంటికీ పెద్ద తేడా లేదు. పొద్దున కాసేపు నీళ్ళొస్తాయి, ఆ కాసేపట్లోనే పట్టుకోవాలి. తర్వాత తిట్టినా బతిమాలినా గాలి తప్ప ఏమీ రాదు. బలవంతంగా లాగామా, రాబోయే రోజుల నీళ్ళు కూడా పోతాయి.

అందుకని నాకో పద్ధతి ఉంది. పొద్దున్నే అమ్మ ధూపం గిన్నెలో ఒక నిప్పుబొగ్గు వేసి ఊదు పొడి చల్లుతుంది. ఆ బొగ్గు ఆరేదాకా రాస్తాను. ఆరగానే కలం పెట్టేసి పడుకుంటాను, మాట మధ్యలో ఉన్నా సరే. మాట బాగా సాగుతుంటే మరీ ముఖ్యంగా పెట్టేస్తాను. నేను మోసపోయేది అప్పుడే. ఇంకొంచెం, ఇంకొంచెం అని రాసుకుంటూ పోయిన రోజు తర్వాత వారమంతా గోడవైపు తిరిగి పడుకుంటాను.

కాబట్టి ఎనిమిది చరణాలు కుదరవు. కొన్నే వస్తాయి, ఒక్కొక్కటిగా వస్తాయి. వచ్చినవి మాత్రం గట్టిగా ఉంటాయి. మీరు తొందరపెట్టారంటే ఆలస్యమవుతుంది.

ఇంకో సంగతి మీకు ముందే చెప్పడం న్యాయం. జువేనా గారి దగ్గర నుంచి కూడా నాకు

(అమ్మగారూ, బొగ్గు ఆరిపోయింది. పిల్ల పడుకుంది. పడవ కదులుతోందంటే ఉన్నది ఉన్నట్టు పంపేస్తున్నాను. ఇట్లు, రయా వాళ్ళమ్మ.
తా.క. హల్వా బాగుంది. యాలకులు తగ్గాయి.)


ఉంగుజా పట్నం

నా బంగారు తల్లి రయాకి అరఫా ఆదరాబాదరాగా రాసేది.

నువ్వు వాక్యం పూర్తి చెయ్యక్కర్లేదు, నాకు అర్థమైంది. "జువేనా గారి దగ్గర నుంచి కూడా నాకు" అని రాసి నీ చెయ్యి ఆగిపోయిందంటే బొగ్గు ఆరి ఆగలేదమ్మా. ఆపింది వేరే. నీకు జబ్బు చేసి మూడేళ్ళయిందన్నావు. సరిగ్గా మూడేళ్ళ కిందటే జువేనా పెంబాకి చుట్టపు చూపుగా వెళ్ళొచ్చింది. నేను పాట రాయిస్తానని దానికి ముందే తెలుసు. నస్రాకి అప్పటికి సంబంధం చూడలేదనుకో, అయినా దానికి తెలుసు. నీ మీదకి ఏదో జిన్నును పంపింది.

నేను చూస్తూ ఊరుకునే మనిషిని కాదు. నిన్న చేపల బజారులో ఎదురుపడి, "ఏం వదినా, పెంబాలో ఒక పాటలమ్మాయి ఉందట, నీకు బాగా తెలుసట కదా" అన్నాను. ఆవిడ మొహం తెల్లబోయింది. చేతిలో చేప జారి బుట్టలో పడింది. "నీకెవరు చెప్పారు వదినా" అంది. విన్నావా? తప్పు చెయ్యని మనిషి ఆ మాట అంటుందా?

నువ్వేం భయపడకు. మీ ఊళ్ళోనే కోంబో గారని పేరుమోసిన మంత్రవైద్యుడు ఉన్నారట. పడవవాళ్ళతో కబురు చేశాను. ఇల్లు వెతుక్కుంటూ ఆయనే వస్తారు. ఈలోగా ఎండబెట్టిన ఆక్టోపస్ పంపుతున్నాను, పులుసు పెట్టుకు తాగు. మా నాయనమ్మ అది తాగే ఎనభై ఏళ్ళప్పుడు గోడ దూకింది. ఎందుకు దూకిందో ఎవరికీ తెలియదు.

నీ కోసం ఆవిడతో పోట్లాడే,
అరఫా

తా.క. పెళ్ళికాని పిల్ల ఎప్పుడూ పడుకునే ఉందంటే మా ఎదురింటావిడ వేరే కారణం చెబుతోంది. నేను నమ్మలేదు. పేరు మాత్రం రాసి పంపు, వాడితో నేను మాట్లాడతాను.


వేటే, పెంబా

పెద్దలు బీ అరఫా గారికి రయా నిదానంగా రాసేది.

జిన్ను లేదు. కుర్రాడు లేడు. ఆక్టోపస్ మాత్రం ఉంది, అమ్మ పులుసు పెడుతోంది. అలసటకి ఎవరో కారణం కానక్కర్లేదండీ. దాన్ని వెళ్ళగొట్టాలని చూసినన్నాళ్ళూ నేను ఒక్క ముక్క రాయలేదు. దాని వేళలు తెలుసుకున్నాకే రాయడం మొదలుపెట్టాను.

మొదటి చరణం ఇదిగో. మూడో పాదం దగ్గర ఒక్క మాట కోసం రెండు బొగ్గులు ఖర్చయ్యాయి. రెండూ ఒకేనాడు కాదు, కంగారు పడకండి. "చేట" అన్న మాట దొరకగానే పడుకునే నవ్వుకున్నాను.

చెట్టంత ఎత్తున పుట్టిన కొబ్బరిని,
చేతికి అందనని చిన్నబోకమ్మా.
పొట్టు చెరుగుకునే చేటలో నుంచి
పాల రుచి నీకు తెలిసేదెలాగమ్మా.

పోయిన ఉత్తరంలో మధ్యలో ఆగిన సంగతి ఇప్పుడు పూర్తి చేస్తాను. మీరనుకుంటున్నది కాదది. జువేనా గారు ఎవరో డప్పులతో మా గుమ్మంలోకి వచ్చారు, చూసి వస్తాను

(అమ్మగారూ, బొగ్గు ఇంకా ఆరలేదు గానీ డప్పులు వచ్చాయి. రయా వాళ్ళమ్మ.)


ఉంగుజా పట్నం

రయాకి అరఫా ఆశ్చర్యపోతూ రాసేది.

జువేనా డప్పులతో మీ గుమ్మంలోకి వచ్చిందా? ఆ పొద్దున దాన్ని నేను ఇక్కడ కుళాయి దగ్గర చూశానే. ఒకే మనిషి రెండు దీవుల్లో కనపడుతోందంటే కోంబో గారొక్కరే సరిపోతారా, ఇంకొకరిని చూడనా?

చరణం చదివాను. నస్రా చేత చదివించాను. ఎదురింటావిడ చేత కూడా చదివించాను. అందులో కొబ్బరికాయ ఉంది, చేట ఉంది. జువేనా ఏది? పిలావు ఏది? నేను లేచి ఊరంతటి ముందూ కొబ్బరికాయ గురించి పాడితే, అమ్ముతున్నాననుకుని బేరం అడుగుతారు.

పైగా ఆ తర్వాత నీ దగ్గర నుంచి ఉలుకూ పలుకూ లేదు. పడవ వచ్చినప్పుడల్లా రేవుకి వెళుతున్నాను. రంజాన్ సగం అయిపోయింది. ఇక్కడ ఒకాయన ఉన్నాడు, రోజుకి పది పాటలు కడతాడు. పదీ ఒకే పాటలాగే ఉంటాయి గానీ కడతాడు. ఆయన దగ్గరికి వెళ్ళనా, లేకపోతే నేనే పెంబా వచ్చి నీ మంచం పక్కన కూర్చుని రాయించుకోనా?

ఓపిక పట్టలేని,
అరఫా

తా.క. జిన్ను దొరికితే దాని పేరూ ఊరూ కనుక్కో. జువేనా ముందు సాక్ష్యం కావాలి.


వేటే, పెంబా

బీ అరఫా గారికి రయా తల్లి రాసేది.

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. పిల్ల రాయలేదు.

మా గుమ్మంలోకి వచ్చింది జువేనా గారు కాదు. మీరు పంపిన కోంబో గారు, ఆయన డప్పులవాళ్ళు, ఆ చప్పుడు విని మా వీధి. ఇంటికొచ్చిన వాళ్ళకి మర్యాద చెయ్యకపోతే ఎలాగని పిల్ల లేచి అందరికీ కాఫీ పెట్టింది. వద్దే అంటే వినలేదు. సాయంత్రం దాకా డప్పులు మోగాయి. ఆఖరికి కోంబో గారు దాని చెయ్యి పట్టుకుని, "నీలో ఎవరున్నారో పలకండి" అని చాలాసేపు అడిగారు. ఎవరూ పలకలేదు. ఆయన నన్ను పక్కకి పిలిచి, "అమ్మా, జిన్ను ఉన్నట్టే ఉంది గానీ అది కూడా అలిసిపోయి పడుకుంది. లేపడం నా వల్ల కాదు" అన్నారు. పాపం మంచివారే. మీ ఆక్టోపస్ పులుసు తిని వెళ్ళారు.

ఆ మర్నాటి నుంచి పిల్ల లేవలేదు. వెలుతురు చూడలేకపోతోంది. నేను దువ్వెన పెడితే తల నొప్పి అంటోంది. మాట్లాడాలంటే వేలితో సైగ చేస్తోంది. నా కూతురు బద్ధకస్తురాలు కాదమ్మగారూ. లవంగాల కోతల్లో నాతో సమానంగా చెట్లెక్కిన పిల్ల. అది లేవలేనంటే లేవలేదని అర్థం. అందులో విప్పి చూడాల్సిందేమీ లేదు.

మీరు వేరే ఆయన చేత రాయించుకుంటానంటే పిల్లకి కోపం రాదు. ఆ చరణం మాత్రం మాకు వెనక్కి పంపండి.

ఇట్లు,
రయా వాళ్ళమ్మ

తా.క. ఇక్కడికి వస్తానన్నారు. తప్పకుండా రండి. మాట్లాడకుండా ఉండగలిగితేనే రండి.


ఉంగుజా పట్నం

రయాకి అరఫా.

చదవడం కూడా అలసటేనని అర్థమైంది. చిన్నగా రాస్తాను.

తప్పు నాది. నీ ఉత్తరంలో అన్నీ రాశావు. నేను సగంలో ఆగిన వాక్యం ఒక్కటీ చదివి, నిండుగా ఉన్నవన్నీ వదిలేశాను. నస్రా నన్ను, "అమ్మా, ఆ పిల్ల ప్రాణం తీసి నాకు పెళ్ళిపాట కట్టిస్తావా" అని అడిగింది. బియ్యం ఏరుతూ కూర్చున్నాను.

పది పాటలాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన పాట విన్నాను. తిరిగొచ్చి నీ కొబ్బరికాయ చదివాను. చరణం వెనక్కి పంపను, అది నాది. ఉపవాసాల్లో పాడకూడదు కాబట్టి పెదవులు కదుపుతున్నాను.

నీకు తొందర లేదు. ఉన్న తొందరంతా నాది, నా దగ్గరే ఉంచుకుంటాను. రెండోది రాకపోతే ఆ ఒక్కటే పాడతాను. అదీ వద్దంటే కూర్చుంటాను.

అరఫా

తా.క. ఇంకా చాలా ఉంది, రాయడం లేదు. చూశావా.


వేటే, పెంబా

బీ అరఫా గారికి రయా ధైర్యంగా రాసేది.

లేచాను. కిటికీ సగం తెరుచుకున్నాం. ఇప్పుడు పూర్తి బొగ్గు కాదు, అమ్మ చిన్న ముక్క వేస్తోంది. చాలు. నా కొలత నాకు తెలుసు, పాట ఆ కొలతలోనే పూర్తవుతుంది.

జువేనా గారు ఏరీ అని అడిగారు. పేరు పెట్టి తిడితే అది పోట్లాట అవుతుంది, పాట కాదు. కొబ్బరికాయ గురించి పాడారనుకోండి, తగలాల్సిన వాళ్ళు వాళ్ళంతట వాళ్ళే లేస్తారు. లేచినవాళ్ళని ఊరు చూస్తుంది. మీరు చెయ్యి కూడా చూపించక్కర్లేదు.

రెండో చరణం:

తురుము పీటకు వెరవను, పిండినా ఏడవను,
తెల్లగా నవ్వేది నా ఇంటి గుణమమ్మా.
ఎసరు లేని కుండలో ఎగిరే గింజా,
ఎవరి కోసం నీ చిటపట చెప్పమ్మా.

ఇక ఎలా పాడాలో వినండి. వరస అందరికీ తెలిసిన పాత పడవపాట వరసే. మొదటి చరణం పాడగానే మీరు కూర్చోవాలి. ఫిడేలాయన ఒక చరణమంత మేర వాయిస్తాడు. ఆయనకి కబురు చేశాను. ఆ ఖాళీలో ఇల్లు కూలినా మీరు లేవకూడదు, నోరు తెరవకూడదు. తర్వాత లేచి రెండోది పాడి, మళ్ళీ కూర్చోవాలి. ఫిడేలు మళ్ళీ ఒక చరణం వాయిస్తుంది. అక్కడితో పాట అయిపోతుంది.

కూర్చోమన్నానని చిన్నబుచ్చుకోకండి. ఖాళీ కూడా పాటలో భాగమే. ఈ మూడేళ్ళలో నేను నేర్చుకున్న విద్య అంతా అదే.

మీ మాట నిలబెట్టే,
రయా

తా.క. మీ భాగానికి చరణాలు రెండే. తక్కువైందని పాట మొత్తం వినేదాకా అనకండి.


ఉంగుజా పట్నం,
పెళ్ళి మర్నాడు

రయాకి అరఫా మండిపడుతూ రాసేది. మండిపడుతున్నానో లేదో నాకే సరిగా తెలియడం లేదు.

మన పాట ఎవరో దొంగిలించారు.

ఎలా జరిగిందో విను. ఆడవాళ్ళంతా చేరారు. అత్తరు, మల్లెలు, చాపల మీద చోటు లేదు. నేను లేచి కొబ్బరికాయ పాడాను. చేట దగ్గరికి వచ్చేసరికి గుసగుసలు. అందరి తలలూ జువేనా వైపు తిరిగాయి. నువ్వన్నది నిజమే, నేను చెయ్యి ఎత్తలేదు. పాడి, నువ్వు చెప్పినట్టే కూర్చున్నాను. ఫిడేలు మొదలైంది. అంతలో జువేనా లేచింది. నన్ను కొట్టడానికి అనుకున్నాను. కొట్టలేదు. అదే వరసలో ఎత్తుకుంది:

నీళ్ళలో నిలబడి పండిన బియ్యాన్ని,
నీ ఎత్తు చూసి నేను జడవనమ్మా.
చిప్ప పగిలితే గాని చిక్కని పాలతో
చెట్టెక్కి కూర్చుంటే ఆకలి తీరునామ్మా.

ఇల్లు కూలినా లేవకూడదన్నావు కాబట్టి ఊరుకున్నాను. పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను. అది పాడి, కూర్చుంది. దానికి కూర్చోమని ఎవరు చెప్పారు? నేను లేచి తురుము పీట పాడాను. ఆడవాళ్ళు చాపల మీద చరిచారు. కూర్చున్నాను. అది మళ్ళీ లేచింది:

చిటపటలాడినా చివరికి మెత్తనే,
చెంతకు వచ్చి నువు పాలు పొయ్యమ్మా.
నీ పాలు నా గింజ ఒక కుండ చేరితే
పిల్లలు తినిపోనీ, మనకేం పోయిందమ్మా.

ఆ ఆఖరి పాదానికి నస్రా ఏడ్చింది. మసూద్ చెల్లెళ్ళు ఏడ్చారు. ఎదురింటావిడ కూడా ఏడ్చింది, ఆవిడకి ఇందులో ఏ సంబంధమూ లేదు. జనం మళ్ళీ పాడండి, మళ్ళీ పాడండి అని మూడుసార్లు పాడించారు. కానుకలు ఇద్దరి ఒళ్ళోనూ పడ్డాయి. మూడోసారికి జువేనా నా పక్కనే వచ్చి కూర్చుంది. లేచి నిలబడేందుకు ఒకరి భుజం ఒకరం పట్టుకున్నాం. మోకాళ్ళు ఇద్దరికీ లేవు మరి.

ఇంకో వింత. ఎప్పుడూ రెండో చరణానికే నాకు ఆయాసం వస్తుంది. నిన్న మూడు విడతలు పాడినా రాలేదు. కూర్చున్నందుకేనా?

అయినా అసలు సంగతి మరిచిపోలేదు. మన వరస, మన ఖాళీ, మన కొబ్బరి ఆవిడ చేతికి ఎలా వెళ్ళాయి? ఫిడేలాయన్ని నిలదీస్తే పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతాడు. ఆఖరి మాట కూడా ఆవిడకే దక్కింది. దొంగ ఎవరో చెప్పు.

ఇట్లు,
గెలిచిందో ఓడిందో తెలియని అరఫా

తా.క. జువేనా ఇవాళ పొద్దున్నే వచ్చి మిగిలిన పిలావు అడిగింది. రెండుసార్లు వడ్డించుకుంది. మాంసం గురించి ఏమీ అనలేదు. నోట్లో మాంసం ఉంది కాబట్టి.


వేటే, పెంబా

బీ అరఫా గారికి రయా సంతోషంగా రాసేది.

దొంగ లేడు. "జువేనా గారి దగ్గర నుంచి కూడా నాకు" అని రాసి ఆగిపోయాను గుర్తుందా? ఆ వాక్యం ఇప్పుడు పూర్తి చేస్తున్నాను: ఉత్తరం వచ్చింది.

మీ ఉత్తరం కన్నా ఒక పడవ ముందే వచ్చింది. పెళ్ళిలో వియ్యపురాలి మొహం మీద పాడడానికి పాట కావాలని రాశారు. నిశ్చితార్థం నాడు తను సరదాకి ఒక మాట అంటే, మీరు తన కొత్త కాంగా అంచు పట్టుకుని చూసి, "ఇది కట్టుకోవడానికా వదినా, గుమ్మం తుడవడానికా" అన్నారట. ఆ సంగతి మీరు నాకు రాయలేదు. బొగ్గు ఆరిందనుకుంటాను.

అప్పుడు నేనేం చెయ్యాలి చెప్పండి. నాకు ఒక్క పాటకే ఓపిక ఉంది. ఆవిడని కాదంటే మీరు గెలుస్తారు, మిమ్మల్ని కాదంటే ఆవిడ గెలుస్తుంది. ఎలాగైనా నస్రా ఒక ఓడిపోయిన ఇంటికీ ఒక గెలిచిన ఇంటికీ మధ్య నిలబడాలి. అందుకని ఒక్క పాటనే రెండు నోళ్ళకి పంచాను. మీకు కొబ్బరి, ఆవిడకి బియ్యం. రెండూ కలిస్తే ఏమవుతుందో మన దీవుల్లో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

చెప్పాలని రెండుసార్లు మొదలుపెట్టాను. ఒకసారి బొగ్గు ఆరింది, ఒకసారి డప్పులొచ్చాయి. మంచాన పడి ఉన్నప్పుడు ఆలోచిస్తే, చెప్పకపోవడమే పాటకి మంచిదనిపించింది. ఇది నేను కావాలనే చేశాను. కోపం వస్తే కోప్పడండి, ఉత్తరంలోనే. డప్పులు వద్దు.

ఆ ఖాళీల సంగతి. ఒక చరణం రాసి నేను ఎక్కడ పడుకున్నానో, అక్కడే మిమ్మల్ని కూర్చోమన్నాను. మీరు కూర్చున్నందుకే ఆవిడ పాట మీకు వినపడింది, మీ ఆయాసమూ తగ్గింది. నిలబడే ఉంటే ఇద్దరూ ఒకేసారి అరిచేవారు.

ఆఖరి మాట ఆవిడకి ఎందుకిచ్చానంటారా. మొదటి మాట మీకిచ్చాను కనుక. ఆవిడ కూడా నిన్న ఉత్తరం రాశారు, మొదటి మాట మీకెందుకిచ్చానని.

నేను బాగున్నాను. అంటే, బాగాలేను, బాగానే రాస్తున్నాను. మీ పెళ్ళి తర్వాత ఇంకా నాలుగు ఇళ్ళ నుంచి పాటలు అడిగారు. ముగ్గురికి వచ్చే ఏడని రాశాను, ఒకరికి ఒప్పుకున్నాను.

ఎప్పటికీ మీ,
రయా

తా.క. ఒప్పుకున్నది ఎవరికో చెప్పడం న్యాయం. నస్రా, మసూద్ కలిసి రాశారు. అత్తగారూ అమ్మగారూ ఇద్దరూ ఇప్పుడు జతగా పొద్దున్నే వంటింట్లో చేరి ఒకరి చేతిలో గరిటె ఒకరు లాక్కుంటున్నారట. మీ ఇద్దరి మొహం మీదా పాడడానికి వాళ్ళకి ఒక పాట కావాలట. మొదటి చరణం అయిపోయింది. అందులో మీరు

(అమ్మగారూ, బొగ్గు ఇంకా ఎర్రగానే ఉంది. పిల్ల నవ్వుకుంటూ కలం పెట్టేసింది. రయా వాళ్ళమ్మ.)